ఇసుకలో చూసిన స్టేషన్

పట్నంలోని పెద్ద రైలు స్టేషన్‌ను నేను మొట్టమొదట చూసింది సిద్దిపేటలో, ఒక సున్నపు గుంత పక్కన, తడి ఇసుకలో. దాని అసలు గోడలు చూడకముందే ఆ స్టేషన్ సంగతులు ఊళ్లోవాళ్లకు విడమరిచి చెప్పే మనిషినయ్యాను. నా మాట నమ్మి ఒకామె పట్నం పోయింది.

అరవై ఏళ్లకు పైగా డైరీ రాస్తున్నాను. ఎండా వానా, వచ్చిన జాబులు, పంపిన జాబులు, కలిసిన మనుషులు, ఆ వరుసలో రోజుకు ఒక పేజీ. కచేరీలో ఉర్దూ రాసి రాసి వేళ్లు అలసిపోయినా ఇంటికి వచ్చి తెలుగులో ఆ పేజీ నింపనిదే పడుకోలేదు. ఆ సంవత్సరపు పుస్తకం మొన్న తీసి చూశాను. "నేతపని ఆమె పట్నం నుంచి తిరిగి వచ్చింది. ఎండ ఎక్కువ" అని ఉంది. ఆమె గురించి అంతే ఉంది. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. ఆ రెండు ముక్కలతో నేను కప్పిపెట్టిన విషయం ఇప్పుడు రాస్తున్నాను.

ప్రపంచమంతా యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. తహశీలు కచేరీలో ఊళ్ల నక్షాలకు నకళ్లు తీసే పని నాది. పలచటి బట్టను నక్షా మీద పరిచి, కింద కనిపించే గీతల మీద సిరాతో గీత గీయాలి. చంద్లాపూర్ పొలాల గట్లు, ఇబ్రహీంపూర్ బావులు, బండ్ల బాటలు. ఒక గట్టు వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఇద్దరు రైతుల మధ్య కొట్లాట పుడుతుంది. నా చేతిలో అలాంటి తప్పు ఎప్పుడూ రాలేదు. ఆ గర్వం నాకు బాగా ఉండేది. అందరూ మున్షీసాబ్ అని పిలిచేవారు. ఆ పిలుపు కూడా నాకు నచ్చేది.

సిద్దిపేటకు అప్పుడు రైలు లేదు. రైలు చూడాలంటే కామారెడ్డి అయినా పోవాలి, పట్నమైనా పోవాలి. పట్నానికి బొగ్గు పొయ్యి తగిలించుకున్న బస్సు ఒకటి నడిచేది. పెట్రోలు యుద్ధానికి పోయిందని చెప్పేవారు. గుట్ట ఎక్కేటప్పుడు అందరూ దిగి నడవాల్సి వచ్చేది. నేను ఆ బస్సులో ఒకే ఒక్కసారి, మేనమామ ఇంట్లో పెళ్లికి పట్నం పోయి, పెళ్లి చూసి తిరిగి వచ్చాను. స్టేషన్ వైపు పోలేదు.

మా వీధి చివర ఒక పెద్ద ఇంటి ప్రహరీకి గచ్చు పని జరుగుతుండేది. ఆ పని చేసే ముసలి మేస్త్రి పడుచు వయసులో పట్నం పోయి, మన్మాడ్ నుంచి చిన్న పట్టాల మీద వచ్చే రైలు ఆగే ఆ పెద్ద స్టేషన్ కట్టే పనిలో మూడేళ్లు ఉన్నాడు. సున్నానికి ఆయన వేళ్లు పగిలి ఉండేవి. సాయంత్రం కచేరీ వదిలాక నేను అక్కడ ఆగి ఆయన చెప్పేవి వినేవాణ్ణి.

"గుమ్మటం అంటే ఊకెనే లేస్తదా బిడ్డా," అనేవాడు. "ముందుగాల లోపట కట్టెలతోని ఒక గుమ్మటం కట్టాలె. దాని మీద ఇటికెలు పేర్చాలె. గచ్చు ఆరినంక లోపలి కట్టెలు ఇప్పేయాలె. ఇప్పేనాడు అందరు దూరం ఉరికిన్రు. నేనొక్కన్నే కింద నిలవడ్డ."

"ఎందుకు తాతా?"

"నేను వెట్టిన ఇటికె నా మీద వడుతదా అని." తాపీ కడుక్కునేవాడు. "ఉత్తదే. ఉరుకుదామంటే కాలు బురదల ఇరుక్కున్నది."

గానుగలో సున్నం, ఇసుక తిప్పి తిప్పి, బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి మురగబెట్టి, గోడకు పట్టించాక నున్నటి రాయితో పగలంతా రుద్దేవాళ్లట. అలా రుద్దిన గోడలో మనిషి ముఖం కనిపించేదట. నడుమ పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్నవి, మూలలకు సన్నటి మినార్లు. చూడడానికి నవాబు కోటలా ఉండాలి, లోపలికి పోతే రైలు ఉండాలి అని పైవాళ్లు చెప్పారట. అన్నిటికంటే ఆయనకు ఇష్టమైన కథ ఆడవాళ్ల గోడది.

"పరదా ఉన్న పెద్దిండ్ల ఆడోళ్లు బండి దిగి రైలెక్కేదాక వాళ్ల గోరు గూడ ఎవనికి కనవడొద్దు. గందుకని ఒక కొసకు ఎత్తు గోడలు, నడుమ సందు. బండి తెచ్చి దర్వాజకు ఆనిస్తే పరదా పరదాకు కలుస్తది. గా సందులకెళ్లి పోయి సక్కగ రైలు డబ్బల కూసుంటరు. గోడ అయిపోయినంక ఒక అఫ్సరు వచ్చి, ఏనుగు మీద కూసున్నోనికి లోపట కనవడ్తది, ఇంకో మూర లేపుమన్నడు."

"స్టేషనుకు ఏనుగును ఎవలు తెస్తరు తాతా?"

"గదే నేనడిగిన. తెస్తే, అన్నడు."

ఇంకో కొసకు మూడో తరగతి వాళ్లు బయటికి వచ్చే దారి ఉంది. మధ్యలో ఆ ఎత్తు గోడ అడ్డం ఉండడం వల్ల ఈ కొసన ఉన్నవాళ్లకు ఆ కొస కనిపించదు. ఈ మాట కూడా ఆయన చెప్పాడు. ఆ రోజే డైరీలో రాసుకున్నాను.

ఒకనాడు నా పోరు పడలేక మేస్త్రి తడి ఇసుక తెచ్చి స్టేషన్ కట్టి చూపించాడు. మూకుళ్లు బోర్లించి గుమ్మటాలు చేశాడు. పెంకులు నిలబెట్టి ఆడవాళ్ల గోడ పెట్టాడు. గచ్చు మేస్త్రులకు ఒక పద్ధతి ఉంది. ఇసుకలో ఇల్లు కట్టి చూపేటప్పుడు మేస్త్రి ఇంటి వెనుక కూర్చుంటాడు. కట్టించుకునే మనిషి ముందు, వాకిలికి ఎదురుగా కూర్చుంటాడు. రేపు ఆ వాకిట్లోంచి లోపలికి అడుగుపెట్టేది ఆయనే కనుక.

ఆ ముందు వైపంతా సున్నపు బురద. నేను తెల్లటి పైజామా, ఉతికించిన షేర్వాణీ వేసుకుని ఉన్నాను. మేస్త్రి పక్కన ఒక శుభ్రమైన బండ కనిపిస్తే దాని మీద కూర్చుని కాగితం తీశాను.

"గీడ గాదు బిడ్డా, గా దిక్కు కూసో. పోయెటోడు కూసునే జాగ గది."

"గీడికెళ్లి గూడ మంచిగనె కనవడ్తుంది తాతా."

ఆయన నా పైజామా వైపు, బురద వైపు చూసి నవ్వాడు. "నీ ఇష్టం. గీసినంక కాయితం నాకు సూపెట్టు. దిక్కులు సరిగున్నయో లేవో సూస్త."

సరేనన్నాను.

ఇంటికి వచ్చి ఎర్ర సిరా, నీలం సిరా తీసి పెద్ద కాగితం మీద స్టేషన్ ముందుభాగం గీశాను. గుమ్మటాలు, మినార్లు, గడియారం, కింద రెండు కొసల్లో రెండు దారులు. పొలాల నక్షాకు ముఖం అనేది ఉండదు. ఏ వైపు నుంచి చూసినా గట్టు గట్టే. ఆ పని తప్ప ఇంకోటి తెలియని నేను, వెనుక కూర్చుని చూసినదాన్ని ముందు నిలబడి చూసినట్టుగా గీశాను. వెనుక నుంచి నాకు ఎడమన కనిపించిన మూడో తరగతి దారి బొమ్మలో కూడా ఎడమనే పడింది. స్టేషన్‌కు ఎదురుగా నిలబడేవాళ్లకు అది కుడి చేతి వైపు ఉండాలి. బొమ్మ మాత్రం చాలా అందంగా వచ్చింది.

దాన్ని అరుగు మీద గోడకు అంటించాను. మరునాడు కచేరీ చప్రాసీ చూసి, "గిది మీరు సూసొచ్చి గీసిన్రా?" అని అడిగాడు.

"అవు," అన్నాను.

ఆ ఒక్క మాటతో మొదలైంది. పట్నం పోయేవాళ్లు, రైలెక్కి తీర్థాలకు పోయేవాళ్లు, భీవండి మగ్గాలకు పోయేవాళ్లు మా అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. టికెట్టు ఎక్కడ ఇస్తారు, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అన్నీ చెప్పేవాణ్ణి. వాళ్లు స్టేషన్‌కు పోయి అందరూ పోయే వైపు పోయేవాళ్లు కనుక నా తప్పు బయటపడలేదు. వెనక్కి వచ్చినవాళ్లు గుమ్మటాల గురించే మాట్లాడేవారు. కన్నతల్లి కనుక మా అవ్వకు మాత్రం నేను స్టేషన్ చూడలేదని తెలుసు.

"మావోడు పెండ్లి బువ్వ తినుకుంట తినుకుంట గుమ్మటాలు గూడ ఎక్కొచ్చిండు," అనేది, నాకు వినిపించేటంత గొంతుతోనే.

దారిలో మేస్త్రి మూడుసార్లు అడిగాడు. "కాయితమేదీ మున్షీ?" తెస్తానన్నాను. తేలేదు. నేను చూసి గీశానని ఊరికి చెప్పినదాన్ని ఆయన ముందు పెట్టడం ఎట్లా?

మా ఇంటికి నాలుగిళ్ల అవతల నేతపని చేసే కుటుంబం ఉండేది. భర్త రెండేళ్ల కింద భీవండి పోయాడు. భార్య ఇక్కడ అత్తగారితో ఉండి, ఊళ్లో మగ్గాలకు కండెలు చుట్టేది. నాకంటే అయిదారేళ్లు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి. భర్త దగ్గరి నుంచి జాబు వస్తే నా దగ్గరికే తెచ్చేది. ఒకరోజు తెచ్చిన జాబు ఇంకెవరిదో చేతిరాత. ఆయనకు కళ్లు కనిపించడం తగ్గిపోయి నాలుగు నెలలైంది. ఎదుటి మనిషిని గొంతు వింటే తప్ప గుర్తుపట్టలేడు. మగ్గం మీద కూర్చోలేడు. పట్నం పెద్ద దవాఖానలో చూపిద్దామని అక్కడివాళ్లు చెప్పారు. వచ్చే బేస్తవారం పొద్దుటి మన్మాడ్ రైలుకు వస్తాడు. జగదేవ్‌పూర్ వైపు మనిషి ఒకడు తోడు వచ్చి మూడో తరగతి వాళ్లు బయటికొచ్చే చోట కూర్చోబెట్టి తన దారిన పోతాడు. చివర ఇలా ఉంది: "నువ్వు వస్తే నీ చెయ్యి పట్టుకొని వస్తాను. గుడ్డోనితో ఏం బతుకుతనని నీకు అనిపిస్తే రాకు. నేనేం అనుకోను. సాయంత్రం రైలుకు తిరిగి పోత."

చదివి ఆమె వైపు చూశాను. ఆమె ముఖం తుడుచుకోలేదు. శోకాలు పెట్టే మనిషి కాదు.

"పిచ్చోడు," అంది. "నేను రానా? మున్షీసాబూ, గా టేషన్ల నేను యాడ నిలవడాలె, గది జెప్పుండ్రి."

గోడ మీది బొమ్మ దగ్గరికి తీసుకుపోయి చూపించాను. "టేషనుకు మొకం వెట్టి నిలవడు అక్కా. గీ కొసకు మూడో తరగతోళ్లు వస్తరు. గా కొస పరదా ఆడోళ్లది, దాని దిక్కు పోకు."

"గీ కొస అంటే? తినే చెయ్యి దిక్కా, తినని చెయ్యి దిక్కా?"

"తినని చెయ్యి దిక్కు."

కొంగున ఉన్న ఎర్ర నూలుపోగు తీసి, పళ్లతో పట్టుకుని ఎడమ మణికట్టుకు కట్టుకుంది. "గిదేనా?" అని చెయ్యి చూపించింది. "గదే," అన్నాను. లోపల మా అవ్వ జొన్నలు చెరుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

అంతటితో ఆగినా కొంత మేలు. పెద్దరికంగా ఇంకో మాట కూడా చెప్పాను. "పట్నంల మోసం జేసెటోళ్లుంటరు. గాడ కాదు గీడ కాదని జెప్తరు. ఎవలేం జెప్పినా నువ్వు కదలకు."

"కదల," అంది.

ఆమె బుధవారం బస్సెక్కింది. శుక్రవారం సాయంత్రం తిరిగి వచ్చింది. ఒక్కతే వచ్చింది. అప్పుడు మా అరుగు మీద అయిదారుగురు ఉన్నారు. తీర్థానికి పోయే ముసలాయనకు నేను బొమ్మ చూపిస్తూ ఉన్నాను. ఆమె బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చింది. తల నిండా బొగ్గు నుసి.

"మీరు జెప్పిన కాడనే కూసున్న మున్షీసాబూ," అంది. "పొద్దు పొడువక ముందే పోయి కూసున్న. పరదాల బండ్లు వచ్చినయి, పోయినయి. మావోడు రాలె. గాడున్న జవాను లెవ్వుమన్నడు, గా కొసకు పొమ్మన్నడు. మీరు కదలొద్దన్నరని కదలలె. పొద్దుమీకినంక ఒక కూలాయన గా కొసకు తోల్కపోయిండు. గాడ ఛాయ్ అమ్మెటాయన జెప్పిండు. కండ్లు రాని మనిషి పొద్దంత కూసున్నడట. ఎవలన్న ఆడమనిషి గొంతు ఇనవడ్తె లేసి నిలవడుడట. సాయంత్రం రైలెక్కించుమని బతిమాలి పోయిండట."

ముసలాయన బొమ్మ వైపు, తర్వాత నా వైపు చూశాడు. నా బొమ్మలో ఏదో తలకిందులైందని అప్పటికప్పుడు అర్థమైంది. అది ఏమిటో తెలియకపోయినా తప్పు ఆమెది కాదని తెలుసు. ఆమె చేతికి పోగు ఇంకా ఉంది. కట్టుకునేటప్పుడు చూసినవాణ్ణి నేనే.

"నేను తినే చెయ్యి దిక్కన్న గదా అక్కా," అన్నాను. "నువ్వు ఆగమాగంల రెండో చేతికి కట్టుకున్నవు."

ఆమె తన చెయ్యి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. నేను చదువుకున్నవాణ్ణి, నకలులో వెంట్రుకవాసి తప్పు చేయనివాణ్ణి. తన చెవిని నమ్మాలా, నా మాటను నమ్మాలా అని ఆమె ఆలోచిస్తున్నట్టు కనిపించింది. చివరికి నన్నే నమ్మింది.

"అయి ఉంటది," అంది. "నాకే సోయి లేకపాయె."

"రెండు చేతుల భేదం తెల్వదాయె, పట్నం పోయింది," అని ఎవరో నవ్వారు. ఆపమని నేను అనలేదు.

ఆ రాత్రి నేను డైరీలో ఎండ గురించి రాశాను. అవ్వ నాకు అన్నం పెడుతూ, "నేను లోపట్నే ఉంటి కొడుకా," అంది. ఆ తర్వాత స్టేషన్ మాటెత్తి నన్ను ఆటపట్టించడం మానేసింది. అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

రెండు రోజులకు ఆమె భీవండికి జాబు రాయించడానికి వచ్చింది. నా ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది. "రాయుండ్రి. నేను వచ్చిన. మున్షీసాబు మంచిగనె జెప్పిండు. నేనే తప్పు కొసకు పోయి కూసున్న. నా బుద్ధి మందం. నేను రాక కాదు. నువ్వు మల్ల రా, గీసారి తప్పిపోను." ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. "మున్షీసాబు మంచిగనె జెప్పిండు" అన్నది కూడా నా గుండ్రటి అక్షరాల్లోనే రాశాను. చదివి వినిపిస్తే తల ఊపింది.

ఆ జాబుకు జవాబు రాలేదు. నెలరోజుల తర్వాత మళ్లీ రాయించింది. దానికీ రాలేదు. వాకిట్లో కండెలు చుట్టే ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. పట్నం దాకా పోయిన మనిషికి మొగుడు కనిపించకుండా ఎట్లా పోతాడు, గుడ్డోణ్ణి తేవడం ఇష్టం లేక తేలేదు అన్నారు. అత్తగారు అన్నం తినేటప్పుడు కూడా ఆ మాటే అంటోందని ఆమె ఒకసారి నాతో చెప్పింది. ఏడ్చుకుంటూ కాదు, బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది.

నేను కచేరీకి పోయాను, వచ్చాను. అరుగు మీది బొమ్మ తీసేశాను. ఎందుకు తీశావని అడిగితే వానకు తడుస్తుందన్నాను.

ఆ చలికాలం నకళ్ల కట్టలు ఒప్పజెప్పి రమ్మని నన్ను పట్నం పంపారు. కట్టలు ఇచ్చిన మరునాడు పొద్దున్నే స్టేషన్‌కు పోయాను. ముందున్న ఖాళీ జాగాలో జట్కాలు నిలిచి ఉన్నాయి. మేస్త్రి చెప్పినవన్నీ చెప్పినట్టే ఉన్నాయి. నడుమ పెద్ద గుమ్మటం, పక్కల చిన్నవి, పొద్దుటి ఎండకు మెరిసే గచ్చు. లోపల ఇనుప స్తంభాల మీద రేకుల కప్పు. ఒక కట్టడం అంత బాగుండడం నాకు ఆ రోజు ఓర్వరానిదిగా తోచింది. స్టేషన్‌కు ముఖం పెట్టి నిలబడ్డాను. నా కుడి చేతి కొస నుంచి మూటలు మోసుకుంటూ మూడో తరగతి జనం బయటికి వస్తున్నారు. ఎడమ కొసన ఎత్తు గోడ. దాని ముందు ఒక పరదా బండి వెనక్కి వెనక్కి జరిగి దర్వాజకు ఆనుతోంది.

ఒక్క చూపులోనే తెలిసిపోయింది. మేస్త్రి పక్కన ఆ శుభ్రమైన బండ మీద కాకుండా బురదలో కూర్చుని ఉంటే ఇలాగే కనిపించేది.

ఎడమ కొసకు పోయి గోడ మొదట్లో, ఆమె కూర్చున్న చోట నిలబడ్డాను. అవతలి కొస కనిపించలేదు. మేస్త్రి ఇంకో మూర లేపిన గోడే అడ్డం. అక్కడి నుంచి రెండో కొస దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. నూట అరవై అడుగులు. ఆమె కదలొద్దన్నారని కదలలేదు. ఆయన కళ్లు లేక కదలలేదు.

దర్వాజ దగ్గరి ముసలి జవాను నన్ను చూసి ఏం కావాలన్నాడు. ఎండాకాలంలో ఒక పల్లెటూరి ఆడమనిషి ఇక్కడ పొద్దంతా కూర్చుంది, గుర్తుందా అని ఉర్దూలో అడిగాను. గుర్తుంది అన్నాడు. పదిసార్లు చెప్పాను, వినలేదు, తనకు ఎవరో మున్షీ చెప్పాడంది, ఆ మున్షీకి నాకంటే ఈ స్టేషన్ ఎక్కువ తెలుసా అని నన్నే అడిగాడు. నా షేర్వాణీ చూసి ఆయన గౌరవంగానే మాట్లాడాడు.

సిద్దిపేటకు వచ్చాక మొదట మేస్త్రి దగ్గరికి పోయాను. అప్పుడు వేరే ఇంట్లో పని చేస్తున్నాడు. జరిగినదంతా చెప్పాను. నేను ఎడమా కుడీ తారుమారు చేశానని చెప్పేదాకా నవ్వుతూ విన్నాడు. మిగతాది విన్నాక తాపీ కింద పెట్టాడు.

"ఆమెకు జెప్పినవా?"

"లేదు తాతా."

"ఇంక నాతోనేం మాట్లాడ్తవు?" అని మళ్లీ తాపీ తీసుకున్నాడు.

ఆమె దగ్గరికి పోలేకపోయాను. వాళ్ల ఇంటి దాకా రెండుసార్లు పోయి, వేరే పని ఉన్నట్టు ముందుకు నడిచాను. రాయడం ఒక్కటే చేతనైన మనిషిని కనుక, భీవండిలో ఉన్న ఆమె భర్తకు నా పేరు మీద జాబు రాశాను. మూడు కాగితాలు అయ్యాయి. ఇసుక, బండ, బొమ్మ అన్నీ రాశాను. మీ భార్య పొద్దు పొడవక ముందు నుంచి పొద్దుగూకేదాకా మీకు నూట అరవై అడుగుల దూరంలో మీ కోసం కూర్చుంది అని రాశాను. ఆఖరున ఇలా రాశాను: "తప్పు నాదని తెలిసి కూడా నలుగురి ముందు అది ఆమె మీద వేశాను. ఆమె నా మాట నమ్మి తననే అనుమానించుకుంది. మీకు రాసిన జాబులో కూడా ఆ అబద్ధమే రాశాను."

ఆ జాబుకు కూడా జవాబు రాలేదు. కానీ ఇరవై రోజులకు ఆయనే వచ్చాడు. ఊరివాడే ఇంకొక నేతగాడు తోడు వస్తే, కామారెడ్డిలో దిగి మోటారులో వచ్చాడు. ఆ వారమే ఆమె ఆయన్ను పట్నం దవాఖానకు తీసుకుపోయింది. ఒక కన్ను పోయినట్టేనని, రెండోదానికి వెలుతురు మాత్రం తెలుస్తుందని, కొంచెం ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లమని డాక్టరు చెప్పాడట. ఇది కూడా ఆమె నన్ను నిందిస్తున్నట్టు చెప్పలేదు.

దవాఖాన నుంచి తిరిగి వచ్చిన మరునాడు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని అరుగు ఎక్కించింది. ఆయన సన్నటి మనిషి. కూర్చుని అంగీ జేబులోంచి నా జాబు తీశాడు.

"గిది మీరు రాసిందే గదా మున్షీసాబూ. భీవండిల నాకు సదివి ఇనిపిచ్చిన్రు. ఈమెకు తెల్వది. నా నోటితోని జెప్పుడు కంటె రాసినోళ్లు సదివితె మంచిగుంటదని తెచ్చిన."

"గిందుల ఏమున్నది?" అని ఆమె అడిగింది. "జెప్పుమంటె జెప్తలేడు."

"సదువుతరు, ఇను," అన్నాడు.

చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కచేరీలో చదివే గొంతులా వినిపించింది. స్టేషన్ నేను చూడలేదని చదివినప్పుడు ఆమె తల ఎత్తింది. బండ గురించి, బొమ్మ గురించి, రెండు కొసలు తారుమారు కావడం గురించి చదివాను. నూట అరవై అడుగుల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి పోయి ఆయన మోకాలి మీద పడింది. ఇంక ఆఖరి నాలుగు వరుసలు మిగిలాయి. కాగితం మీద అవి నాకు చాలా స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"ఇట్లు," అని చదివి, కింద నా పేరు చదివేశాను.

ఆమె ఊపిరి వదిలింది. "గింతేనా," అంది. "గీత తప్పు వోతె ఎవలేం జేస్తరు మున్షీసాబూ. మీరేమన్న కావాలని జేసిన్రా. గింత దానికి ఇన్ని కాయితాలు రాసిన్రు." నన్ను ఓదారుస్తున్నట్టే అంది.

ఆ జాబు ఆయనకు ఎన్నిసార్లు చదివి వినిపించారో నాకు తెలియదు. నా గొంతు వచ్చే వైపు తల కొంచెం వంచి ఇంకా వింటున్నట్టే కూర్చున్నాడు.

"అయిపోయిందా మున్షీసాబూ?" అని అడిగాడు.

"అయిపోయింది."

చెయ్యి చాచాడు. కాగితాలు ఆ చేతిలో పెట్టాను. మడత మీద మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "మంచిది," అని లేచాడు. "మెట్టున్నది, పైలం," అని ఆమె ఆయన్ను దింపింది.

వాళ్లు ఆ వీధిలోనే చాలా ఏళ్లు ఉన్నారు. ఆయన నూలు చిక్కులు తీసేవాడు, ఆమె కండెలు చుట్టేది. ఆ ఆఖరి వరుసలు ఆయన ఆమెకు చెప్పాడో లేదో నాకు ఎప్పటికీ తెలియలేదు. పుట్టింటి నుంచి జాబులు వస్తే ఆమె ఎప్పటిలాగే నా దగ్గరికే తెచ్చి చదివించుకునేది. చదవడం అయ్యాక, "ఇంకేమన్న ఉన్నదా మున్షీసాబూ?" అని అడిగేది. చదువు రానివాళ్లు అందరూ అడిగే మాటే అది.

"లేదక్కా," అనేవాణ్ణి.